కొండ కింద మర్యాద

కొండంత ధైర్యం అంటారు. నాకూ ఉంది, కానీ అది కొండ పైనే ఉంటుంది. కొండ కిందికి రమ్మంటే రాదు. టోవా పాయోలో మూడో అంతస్తు ఫ్లాట్ తీసుకున్నది గాలి బాగా వస్తుందని అందరికీ చెబుతాను. అసలు సంగతి, లిఫ్ట్ ఎక్కకుండా మెట్ల మీద ఇల్లు చేరొచ్చు. రాఫెల్స్ ప్లేస్‌లో ఆఫీసుకి మాత్రం లిఫ్టే గతి. అక్కడ నన్ను కాపాడేది మర్యాద. “ముందు మీరు” అంటూ అందరినీ లోపలికి పంపించి, చివర్న తలుపుకి అతుక్కుని నిలబడతాను. ఇన్నేళ్లలో మూసిన చోట్లంటే నాకున్న భయం ఇంట్లోవాళ్లకి కూడా తెలియలేదు. సంస్కారం గల మనిషినని పేరు మాత్రం వచ్చింది.

ఆ పేరుతోనే ఇరుకున పడ్డాను. యూనివర్సిటీలో చదివే మా అమ్మాయి శనివారాల్లో యుద్ధకాలపు సొరంగాలు చూపించే వాలంటీరు. ఒక వారం తెలుగు పెద్దలు కొందరు వస్తున్నారని, వాళ్లలో ఇంగ్లిష్ అంతగా రానివాళ్లున్నారని చెప్పింది. తనకి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడబోతే సగంలో ఆగిపోతుంది.

“నేను ఇంగ్లిష్‌లో చెప్తా, నువ్వు తెలుగులో చెప్పు. ఈజీ లా, అమ్మా” అంది, ప్రతి మాటకీ ‘లా’ తగిలించే ఇక్కడి యాసలో.

నా తెలుగు తనకి పనికొచ్చిన మొదటి రోజు అది. కాదనడానికి నోరు రాలేదు. భూమ్మీద నూకలుండగా భూమి కింద పనేమిటని మాత్రం లోపల అనుకున్నాను.

కొండవాలున చెట్ల మధ్య ఇనప తలుపు. దాని వెనక కిందికి మెట్లు, మనిషి వెనక మనిషి నడవాల్సినంత సన్నటి దారి. మా అమ్మాయి టార్చితో ముందు దిగింది. నేను అలవాటు చొప్పున తలుపు పక్కన నిలబడి అంకుల్స్‌నీ ఆంటీలనీ ముందు మీరు, ముందు మీరంటూ పంపించాను. ఆఖరికి యూ టీ అనే పేట నుంచి వచ్చిన ఒక ఆంటీ మిగిలారు. మలేసియాలో పుట్టి, ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చి స్థిరపడిన తెలుగావిడ.

“మీరు పదండి ఆంటీ.”

“లేదమ్మా, నువ్వు ముందర పో.”

“పెద్దవారు, మీరే పదండి.”

“పరవాలేదమ్మా. నేను మెల్లగా వస్తా.”

ఇద్దరం గుమ్మం బయటే ఉన్నాం. లోపల్నుంచి మా అమ్మాయి గొంతు వినిపించింది. ఇంగ్లిష్‌లో నాలుగు మాటలు చెప్పి ఆగింది, నా కోసం. ఎవరో పెద్దాయన అమ్మాయి ఏమంటోందని పక్కవాళ్లని అడిగారు. తను తెలుగులో మొదలుపెట్టి, “ఇక్కడ బాంబులు...” దగ్గర మళ్లీ ఆగిపోయింది.

ఆంటీ నా వైపు చూసి గొంతు తగ్గించారు. “నీకూ భయమేనా?”

అబద్ధమాడటానికి ఊపిరి చాలలేదు. తలూపాను.

“సరి, చెయ్యి పట్టుకో. నువ్వు మాట్లాడతా పో, గొంతు వింటా నేను వస్తా.”

మొదటి మెట్టు మీదే మొదలుపెట్టాను. గోడ చెమ్మగా ఉందన్నాను, తల కాస్త వంచమన్నాను, మెట్టు అరిగిందన్నాను. మాట్లాడుతూ ఊపిరి బిగబట్టడం ఎవరి తరమూ కాదని అప్పుడు తెలిసింది. మా అమ్మాయి పక్కకి చేరేసరికి నా నోటికి అడ్డూ ఆపూ లేదు. తను ఒక వాక్యం చెబితే నేను మూడు చెప్పాను. గుండ్లు దాచిన గది, వాటిని పైకి పంపిన సందు, తలుపులు మూసుకుని లోపలే గడిపిన సైనికులు. వాళ్ల ఉక్కపోతని మాత్రం నాకంటే బాగా ఎవరూ వర్ణించి ఉండరు. ఆ చెమట నా వీపు మీదే కారుతోంది కదా. పెద్దలు ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. మా అమ్మాయి మొహం టార్చి వెలుగుని మించిపోయింది.

చిక్కంతా తిరిగొచ్చేటప్పుడు. గది గుమ్మం దగ్గర ఒక అంకుల్ ఆగి ఒక ఆంటీకి దారిచ్చారు. ఆవిడ ఇంకొకరికి ఇచ్చారు. ముందు మీరంటే ముందు మీరని ఎవరూ కదలరు. ఉన్న ఒక్క దారీ మర్యాదతో మూసుకుపోయింది, వాళ్లందరి వెనకా నేను. పొద్దున నేను విసిరిన అస్త్రమే తిరిగొచ్చి తగిలింది.

“ఏమీ అనుకోకండి, ముందు నేనే” అన్నాను. యూ టీ ఆంటీ చెయ్యి వదలకుండా, అందరినీ ఒదిగి నిలబడమంటూ, మెట్లెక్కి ఎండలోకొచ్చి పడ్డాను.

ఆఖర్న బయటికొచ్చిన మా అమ్మాయి నవ్వాపుకుంటోంది. “వచ్చే నెల ఇంకో తెలుగు గ్రూప్ ఉంది. కెన్ ఆర్ నాట్?”

“కెన్” అన్నాను. “కానీ మర్యాద ఇంట్లో పెట్టి వస్తా.”