అడ్వాన్స్‌డ్ క్లాసు ఎత్తేశాక

డెలోరిస్ విట్‌ఫీల్డ్ ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతుంది. కళ్లజోడు జుట్టులోకి తోసుకుని ప్రతి బల్ల దగ్గరా వంగి, నడుము పట్టుకుని మెల్లగా లేస్తుంది. కాలిఫోర్నియాలోని ఆ ఊరి బడుల్లో చురుకైన పిల్లలకి విడిగా నడిపే అడ్వాన్స్‌డ్ లెక్కల క్లాసు ఎత్తేయాలని పోయినేడు స్కూలు బోర్డు సభలో గట్టిగా మాట్లాడింది ఆమే. "అందులో మా నల్లపిల్లలు ఎంతమంది ఉన్నారో ఒక్కసారి చూడండి!" అంది. చిన్నప్పుడు నల్లపిల్లని ఆమెనూ అలాంటి క్లాసులోకి రానివ్వలేదు. క్లాసు ఎత్తేశారు. ఇప్పుడు భిన్నాలు రానివాళ్లూ, సమీకరణాలు చిటికెలో తేల్చేవాళ్లూ ఒకే గదిలో కూర్చుంటున్నారు. సాయంత్రానికి ఆమె గొంతు పూర్తిగా బొంగురుపోతుంది.

నిన్న టియానా అనే నల్లపిల్ల అందరికంటే ముందే పని ముగించి బల్లమీద తల వాల్చింది.

"అయిపోయింది మిస్. ఇప్పుడేం చెయ్యను?"

"పక్కనున్న కెల్విన్‌కి చెప్పమ్మా."

"రోజూ వాడికి చెప్తూనే ఉన్నా. మరి నాకెవరు చెప్తారు?"

పిల్లలు గొల్లున నవ్వారు. డెలోరిస్ నవ్వలేదు. కుర్చీ లాక్కుని టియానా పక్కన కూర్చుని, తెల్లకాగితం మీద కొత్త లెక్క మొదలుపెట్టింది. ఆ పిల్ల తలెత్తింది. ఈలోగా వెనక వరసల్లో చేతులు లేచాయి. "వస్తున్నా, వస్తున్నా" అంటూనే ఉంది గానీ, డెలోరిస్ ఆ పిల్లని వదిలి కుర్చీలోంచి లేవలేకపోయింది.