మీరాబీ అక్క కోసిన రేకు

ఈ ఉదయం మా షెడ్డులో ఒక పాత కారు మడ్‌గార్డు మీద గ్రైండరు పెట్టగానే కాలిన రంగు వాసన గుప్పుమంది. మార్చి నెల కాబట్టి గుంటూరు గాలిలో మిరప ఘాటు ఎలాగూ ఉంది. రెండూ కలిసి గొంతులోకి దిగితే అందరికీ దగ్గు వచ్చింది, నాకు కోపం వచ్చింది. పన్నెండేళ్లుగా ఇదే వరస. ఆ కోపంలో కొంత ప్రసాదరావు గారనే ఒక కారు యజమాని మీద, ఎక్కువ భాగం నా మీద. దాన్ని నాకు అంటించి వెళ్లిన మనిషి పేరు మీరాబీ. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. పదిమందీ ఆమెను చూసే అవకాశం ఒక్కసారి వచ్చింది. దాన్ని పాడుచేసింది నేనే.

అప్పటికి నాకు పాతికేళ్లు. మాది పొన్నూరు. మెకానికల్ డిప్లొమా చేసి, ఒక కార్ల సర్వీసు సెంటర్లో రెండేళ్లు విడిభాగాలు మార్చి మార్చి విసుగెత్తి, గుంటూరు ఆటోనగర్‌లో ఖాదర్ మేస్త్రి టింకరింగ్ షెడ్డులో చేరాను. బోర్డు మీద పేరు ఆయనది, పని మాత్రం ఆయన భార్య మీరాబీ అక్కది. వెల్డింగ్ మంట చూసీ చూసీ ఆయన కళ్లు పాడయ్యాయి. ఆయన పక్కనే నిలబడి పనంతా నేర్చుకున్న ఆమె, నలభై ఏళ్లు దాటాక సుత్తి తన చేతిలోకి తీసుకుంది. వచ్చినవాళ్లు ఆమెను దాటుకుని వెళ్లి కుర్చీలో కూర్చున్న ఆయనతో మాట్లాడేవాళ్లు. “చెప్పేదేదో ఆవిడకు చెప్పండి, చూసేదీ కోసేదీ ఆవిడే” అనేవాడాయన. అయినా వాళ్ల చూపులు ఆయన మీదే ఉండేవి. అక్క మాత్రం మొదటిరోజే నాతో తేల్చి చెప్పింది: “నీ డిప్లొమా కాయితం బీరువాలో పెట్టి రా. రేకుకు చదువు రాదు.”

ప్రసాదరావు గారు పెదకాకాని వైపు మిర్చి కోల్డ్ స్టోరేజీ యజమాని. వాళ్ల నాన్న నడిపిన తెల్ల అంబాసిడర్ తెచ్చారు. వెనక చక్రాలకు వెడల్పాటి టైర్లు వేయించారు గానీ, గతుకు వస్తే చాలు, మడ్‌గార్డు అంచు టైరును గీరేస్తోంది. రెండు నెలల్లో విజయవాడలో పాత కార్ల ప్రదర్శన ఉంది, ఆ టైర్లతోనే కారు అక్కడ నిలబడాలి. నేను తెలివిగా అన్నాను: “అంచు లోపలికి మడిచి కొడితే సరిపోతుందక్కా. ఒక పూట పని.”

అక్క ప్రసాదరావు గారి డ్రైవర్నీ, టీకొట్టు దగ్గరున్న ఇద్దర్నీ పిలిచి, నాతో కలిపి వెనక సీట్లో ఇరికించింది. తను చక్రం పక్కన నేలమీద పడుకుని టార్చి వేసి, “ఊగండి” అంది. నలుగురం సీటు మీద ఎగిరెగిరి పడ్డాం. చీర దులుపుకుంటూ లేచి నావైపు చూసింది. “ఖాళీ కారుకు ఏ టైరైనా పడుతుందిరా శీనా. మనుషులెక్కాక చూడాలి. దారిలో టైరు పేలితే ప్రాణం మీదకొచ్చేది లోపల కూర్చున్నవాడికి, నీకు కాదు.”

వెనక చక్రం కూర్చునే గూడు రెండు రేకులతో ఉంటుంది. బయటికి కనిపించే వంపు ఒకటి, లోపల గూడులా ఉండేది ఒకటి. బయటి వంపు రూపం చెడకుండా లోపలి రేకు అంచును కోసి, దాన్ని పూరేకుల్లా చీల్చి, ఒక్కొక్క రేకునూ బయటికి వంచి బయటి వంపుకు అతకాలి. అలా చేస్తే దొరికేది రెండు వేళ్ల జాగా. ఆ రెండు వేళ్ల కోసం అక్క ముందు అట్టముక్కలు కత్తిరించి చూసుకుంది, చాక్‌పీసుతో గీసింది, చెరిపింది, మళ్లీ గీసింది. గ్రైండరు పెట్టి కోస్తుంటే షెడ్డంతా ఇదే కాలిన రంగు వాసన. ఎడమవైపు మొత్తం తనే చేసి, కుడివైపు అతకడం నాకిచ్చింది.

బొట్టు బొట్టుగా వెల్డింగ్ పెట్టమని చెప్పింది. నేను త్వరగా అయిపోవాలని ఒకే గీతగా లాగేశాను. వేడికి బయటి రేకు ఉబ్బి అలలు తేలింది. అక్క నా చెయ్యి పట్టుకుని అరచేతిని ఆ రేకు మీద రుద్దింది. “తెలుస్తోందా? అద్దంలా ఉన్నదాన్ని అప్పడం చేశావు.”

“పుట్టీ పూస్తే కనపడదక్కా” అన్నాను.

ఆమె పుట్టీ డబ్బా తీసి రోడ్డు మీదకు విసిరేసింది. “కనపడకపోతే లేనట్టేనా?” ఆ మాట అరిచి అనలేదు. నాకు అరిచినదానికంటే ఎక్కువ భయమేసింది.

మూడు రోజులు సుత్తితో, రేకు వెనక పెట్టే ఇనుప దిమ్మతో ఆ అలల్ని ఆమే దించింది. ఆలస్యమెందుకైందని ప్రసాదరావు గారు విసుక్కుంటే, “నా దగ్గర తప్పు జరిగిందండి, సరిచేస్తున్నా” అంది. నేను కారు వెనక నిలబడి టీ తాగుతూ ఆ మాట విన్నాను. బయటికొచ్చి తప్పు నాదని చెప్పలేదు. ఆ రోజు ఊరుకోవడం అలవాటు చేసుకున్నందుకే విజయవాడలోనూ ఊరుకోగలిగానని ఇప్పుడనిపిస్తుంది.

ప్రదర్శన రోజు పొద్దున్నే అక్క జరీ అంచు చీర కట్టుకుని షెడ్డుకొచ్చింది. ప్రసాదరావు గారు కారు దిగకుండానే, “ఎండలో మీకెందుకమ్మా శ్రమ, కుర్రాడు చాలు. ఎవరైనా అడిగితే ఇంగ్లీషులో చెబుతాడు” అన్నారు. వెనక సీటు ఖాళీగానే ఉంది. అక్క ఒక్క క్షణం ఆ సీటు వైపు చూసి, నాతో అంది: “వెళ్లిరా. గూడు లోపలి అతుకు చూపించు. బయటిది అందరూ చూస్తారు.”

చూపించాను. న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని లోపలికి చెయ్యి పెట్టి తడిమాడు. ఇంత శుభ్రమైన పని ఈమధ్య చూడలేదన్నాడు. సాయంత్రం వేదిక మీద బహుమతి ఇస్తూ ఎవరు చేశారని మైకులోనే అడిగాడు. ప్రసాదరావు గారు నా భుజం మీద చెయ్యి వేసి, “మా ఇంజనీరండీ, గుంటూరు కుర్రాడు” అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మైకు నా నోటి దగ్గరకొచ్చింది. “థాంక్యూ సర్” అన్నాను. శాలువా కప్పితే తల వంచాను. మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది.

నేను షెడ్డుకు వెళ్లేసరికి ఆ పేపరు ఖాదర్ మేస్త్రి ఒళ్లో ఉంది. చదవలేని ఆయనకు ఎవరో చదివి వినిపించారు. అక్క మోటార్‌సైకిల్ ట్యాంకు ఒకటి సాపు చేస్తోంది.

“ఆయన అబద్ధమాడాడు. అది ఆయన బుద్ధి,” అంది తల ఎత్తకుండా. “నువ్వెందుకు ఊరుకున్నావు?”

“అంతమందిలో ఏం చెప్పాలో తోచలేదక్కా.”

“నా పేరు. మూడక్షరాలు. నోరు తిరగలేదా?”

పది రోజుల తర్వాత ప్రసాదరావు గారు తన స్నేహితుణ్ణి, ఇంకో పాత కారును వెంటబెట్టుకొచ్చి, ఇంజనీరు ఏడీ అని అడిగారు. అక్క గ్రైండరు తెచ్చి నా చేతిలో పెట్టి పక్కకు జరిగింది. నేను దాన్ని కింద పెట్టి చెప్పాను: “ఆ పని చేసింది ఈవిడండి. నేను పాడుచేస్తే సరిచేసింది కూడా ఈవిడే.” ప్రసాదరావు గారు నవ్వారు. “తెలుసులేవయ్యా. ఎవరు చేస్తే ఏముంది, పని బాగుంది కదా.” ఆ నవ్వు నాకు ఈరోజుకీ మంట. తెలియక అన్నారనుకుని సర్దిచెప్పుకున్నాను పది రోజులూ. ఆయనకు తెలుసు. తెలిసే సీటు ఖాళీగా తీసుకెళ్లారు.

“ఆ కారు వేరేచోట చేయించుకోండి” అంది అక్క. వాళ్లు వెళ్లాక నావైపు తిరిగింది. నిజం చెప్పినందుకు మెచ్చుకుంటుందని ఆశపడ్డాను. “అక్కడ చెప్పాల్సిన మాట ఇక్కడ చెప్పావు. ఇక్కడ అందరికీ తెలిసిందేగా,” అని పనిలో పడింది.

ఆ తర్వాత ఏడేళ్లు ఆమె దగ్గరే పనిచేశాను. తనకు తెలిసినదేదీ దాచలేదు. రేకు మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుని వంపు చెప్పడం నేర్పింది, సుత్తి దెబ్బ చప్పుడు విని ఎక్కడ ఆపాలో నేర్పింది. ఊపిరితిత్తులు పాడై మంచాన పడ్డాక ఒకరోజు మందులు ఇవ్వడానికి వెళ్లి, ధైర్యం చేసి అడిగాను. “నామీద కోపం పోయిందా అక్కా?”

“పోలేదు,” అంది. “ఎందుకు పోవాలి? అన్నం తిని వెళ్లు.”

ఆ సంవత్సరమే ఆమె పోయింది. క్షమించి పోయిందని చెప్పుకుంటే నాకు హాయిగా ఉండేది. క్షమించలేదు, పని మాత్రం మొత్తం ఇచ్చి వెళ్లింది. ఇప్పుడు నా షెడ్డులో ఎనిమిది మంది ఉన్నారు. ఎవరైనా వచ్చి మీ పనితనం బాగుందండీ అంటే, నా నోరు నాకంటే ముందే చేసినవాళ్ల పేరు చెప్పేస్తుంది, వాళ్లు లోపలున్నా సరే కేకేసి బయటికి పిలుస్తుంది. అది నా మంచితనమని మావాళ్లు అనుకుంటారు. మంచితనం కాదు, భయం. ఆ రోజు అక్క ముందు నిలబడ్డట్టు ఇంకొకరి ముందు తల దించుకుని నిలబడాల్సి వస్తుందేమోనన్న భయం.