రోజుకొక తప్పు

కాళహస్తి బళ్లో లెక్కలు చెప్పే శఠగోపం సారుకు ఆలోచనలో పడ్డప్పుడల్లా సుద్దముక్కతో నుదురు గోక్కోవడం అలవాటు. సాయంత్రానికి నామం పక్కన ఇంకో రెండు తెల్లగీతలు తేలుంటాయి. రోజూ బోర్డు మీద లెక్క చేస్తూ కావాలనే ఒకచోట తప్పు వేస్తాడు. పిల్లలు దాన్ని పట్టుకునేదాకా చేతులు కట్టుకుని, కిటికీలోంచి స్వర్ణముఖి ఏటి ఇసుకను చూస్తూ నిలబడతాడు. తొమ్మిదో తరగతిలో కుముదవల్లి మాత్రం ఏడాదిగా నోరు విప్పలేదు.

ఆ రోజు మూడో వరసలోని తప్పును ముందు బెంచీ పిల్ల పట్టేసింది. సారు దాన్ని దిద్ది, లెక్క తుడవబోతుంటే కుముదవల్లి లేచింది.

“ఇంకోటి ఉండాది సార్. అయిదో వరసలో మైనస్ వదిలేసినారు.”

రోజుకు ఒక్కటే కదా అని తరగతంతా నవ్వింది. కుముదవల్లి కూర్చోబోయింది. సారు అయిదో వరసను చాలాసేపు చూశాడు.

“కూర్చోవద్దమ్మా. అది నేను కావాలని వేసింది కాదు. నిజంగానే తప్పినాను.”

సుద్దముక్క ఆమె చేతికిచ్చి, పోయి ఆమె బెంచీ కొసన కూర్చున్నాడు. కుముదవల్లి మైనస్ పెట్టి, కిందికి లెక్క సాగించింది. ఒకచోట ఆగింది. బోర్డును చూస్తూ సుద్దముక్కతో నుదురు గోక్కుంది.