జాడీ పంచిన నాడు

మొన్న వనపర్తి బజారుకు పోయిన మా ఇంటామె, అరచేతిలో పట్టేంత గాజుసీసాలో కారం నూనె కొనుక్కొచ్చింది. కళ్లద్దాలు పెట్టుకొని దాని మీది చీటీ చదివితే, వాడే ముందు సీసాను బాగా కుదపవలెనని రాసి ఉంది. ఈ ఒక్క ముక్క మా తాతకు సమయానికి ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది అనుకొని నాలో నేనే నవ్వుకున్నాను.

అయిజ దగ్గరి మా ఊళ్లో పల్లీలు గానుగాడించి తెచ్చిన వెంటనే కారం నూనె చేసేవాళ్లు. మా ఈడువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు, జొన్నరొట్టె మీద ఆ ఎర్రనూనె ఇంత పోసుకొని ఉల్లిగడ్డ నంజుకుంటే కూరతో పని లేదు. మా ఇంట్లో అది ఇద్దరు చేసే పని. ఎండుమిరపకాయల తొడిమెలు తీసి, ఎల్లిగడ్డ, ఉప్పు వేసి కచ్చాపచ్చాగా దంచడం మా అమ్మ వంతు. నూనె కాచడం మా పెద్దమ్మ, అంటే నాయన అన్న భార్య, వంతు. పెద్దమ్మ మరిగిన నూనె దించి, రొట్టె తునక ఒకటి వేసి చూసేది. అది నల్లబడితే ఇంకా ఆగాలి, ఎర్రగా పొంగితే అదను. అప్పుడామె కారం మీద నూనె పోస్తుంటే అమ్మ కలుపుతుండేది. ఆ ఘాటుకు బీచుపల్లి ఆంజనేయస్వామి తుమ్మితే, పూజారి చేతిలోని కొబ్బరికాయ కొట్టకముందే పగిలిందని నేను చాలామందికి చెప్పాను, ఇంతవరకు కాదన్నవాడు లేడు.

ఒక ఏడు అట్లా జాడీ నింపిన కొద్దిరోజులకే, బోరు నీళ్ల వంతు దగ్గర మాటామాటా పెరిగి నాయనా పెదనాయనా వేరుపడ్డారు. చేన్లు, ఎడ్లు, గిన్నెలు పంచుకోవడం అయినాక చివరికి ఆ జాడీ మిగిలింది. అమ్మ గరిటె అందుకోబోతే తాత వద్దన్నాడు.

"గరిటె పెడితే ఎవరి చెయ్యి ఎక్కువ మునిగిందని రేపు మళ్ల పంచాయితి. గట్లనే వంచుండ్రి. సగం పెద్దోనికి, మిగిలింది జాడీతోని చిన్నోనికి."

న్యాయం తప్పరాదన్న పట్టుదలలో, కారం అడుగున కూర్చుంటుందని మగవాళ్లెవరికీ తోచలేదు. తెలిసిన ఇద్దరినీ ఎవరూ అడగలేదు. పై తేట నూనె పెదనాయన ఇంటికి పోయింది, అడుగు ముద్ద మాకొచ్చింది. రొట్టెను దీపం ప్రమిదలో ముంచి తిన్నట్టుందని ఆయన గొణిగేవాడట. మా నాయన ఒక్క ముద్ద తిని బిందెకు నోరు పెట్టి తాగితే, ఆ సాయంత్రం కృష్ణ జానెడు తగ్గింది. వానలు తక్కువని అందరూ అన్నారు గాని, నేను కళ్లారా చూసినవాణ్ణి. అయినా అన్నదమ్ములిద్దరూ పైకి బాగుందనే అన్నారు, బాగాలేదంటే పంపకం తప్పని ఒప్పుకోవాలి గదా.

కష్టమంతా ఆడవాళ్లది. మగవాళ్లకు మాటల్లేవు గనుక వాళ్లూ మాట్లాడుకోరాదన్నారు. పెరట్లో ఛాతీ ఎత్తు మట్టిగోడ లేచింది. ఇన్నేండ్లు ఒకే పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి దగ్గు గోడ అవతల వినబడితే, రొట్టె తట్టే అమ్మ చెయ్యి ఆగిపోయేది. ఇక జన్మలో పలకరింపు ఉండదేమోనని ఆమె దిగులు.

ఒక మధ్యాహ్నం మగవాళ్లు చేన్లకు పోయాక గోడ మీద ఒక గిన్నె కనిపించింది, దాని వెనక పెద్దమ్మ మొహం.

"చెల్లె, జర అడుగుది ఇయ్యి. మీ బావ రొట్టె ముట్టుతలేడు."

"ముందు నీ పైది ఇటు వొయ్యి అక్క. నీ మరిది నోరు పొక్కి మాట్లాడుతలేడు, గదొక్కటే జర సుఖమున్నది."

పెద్దమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. అమ్మ జాడీని గోడ మీదికెత్తింది. ఆమె పోసింది, ఈమె కలిపింది, ఎప్పటి లెక్కనే. ఆ పూట రెండిండ్లలోనూ రొట్టెలు చాలలేదు. ఎందుకని అన్నదమ్ములు అడగలేదు. చేన్లు ఇప్పటికీ వేరే, కాని ఆ తోడికోడళ్లిద్దరూ బతికినన్నాళ్లు జాడీ గోడ మీదనే ఉండేది.

చీటీలో చెప్పినట్టే మొన్నటి సీసాను కుదిపాను. అడుగున ఉన్నదంతా పైకి లేచి ఇట్టే కలిసిపోయింది. ఒక్క చేత్తోనే పని అయిపోయింది, ఇంకొకరిని పిలవవలసిన అవసరమే రాలేదు.