గుజ్జయిపోయిన ఎనిమిదో తరగతి

మొన్న ఏలూరులో మా మనవరాలికి బడిలో ఏదో క్రాఫ్టు పని ఇచ్చారని, మా కోడలు పాత పేపర్లు నానబెట్టి మిక్సీలో వేసింది. "అత్తయ్యగారండీ, మీ చిన్నప్పుడు ఇంట్లోనే బుట్టలు చేసుకునేవారట కదా, గుజ్జు అతుక్కోవాలంటే ఏం కలపాలండీ" అని నవ్వుతూ అడిగింది. మెంతులని చెప్పి పెరట్లోకి వచ్చేశాను. ఆ పిల్ల తప్పేమీ లేదు, నాకే ఒళ్లు మండిపోయింది.

మన ఈడు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కాగితాలు గంగాళంలో నానేసి, మెత్తబడ్డాక నీళ్లు పిండి, నానిన మెంతులతో కలిపి రోట్లో దంచి, బోర్లించిన బిందెకు తడిగుడ్డ చుట్టి దానిమీద మెత్తేవారు. ఎండాక ఊడదీస్తే బియ్యం పోసుకునే బుట్ట. మాది కైకలూరు దగ్గర కొల్లేటి అంచున ఊరు. మా నాయనమ్మ చేసిన బుట్టలు చుట్టాలు అడిగి మరీ పట్టుకెళ్లేవారు.

నేను ఎనిమిది పాసైన వేసవిలో, తొమ్మిదికి కైకలూరు పంపాలి గనుక, పెద్దమనిషైన పిల్ల రోజూ బస్సెక్కడమేమిటని నాయనమ్మ అంది. నాన్న నన్ను బడి మాన్పించేశారు. నేను అన్నం మానేసి పడుకున్నాను. నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటుందనుకున్నారు కాబోలు, నేను ఊరుకోలేదు. ఒకనాడు చెరువు నుంచి మంచినీళ్లు తెచ్చేసరికి గంగాళంలో నా పుస్తకాలు నానుతున్నాయి. లెక్కల పుస్తకం ఉబ్బిపోయింది, నోటు పుస్తకాల సిరా కరిగి నీళ్లన్నీ నీలంగా ఉన్నాయి. "కళ్లెదురుగా ఉంటే మనసు అటే లాగుతుందే. ఇంక దంచు" అని నాయనమ్మ రోకలి నా చేతికిచ్చింది. పొయ్యి దగ్గరున్న అమ్మ వెనక్కి తిరగలేదు.

దంచాను. అంత కసిగా నా జన్మలో మరి దేన్నీ దంచలేదు. బుట్ట ఎంత నునుపుగా వచ్చిందోనని ఇరుగుపొరుగు వాళ్లు మెచ్చుకుంటుంటే నాకు ఒంటి మీద కారం చల్లినట్టుండేది. పెళ్లయ్యాక సారెలో దాన్ని పెట్టబోతే వద్దన్నాను. నా పంతం సాగింది అంతవరకే.

తర్వాత నేను పుట్టింటికొచ్చిన ఒక వేసవిలో మా చెల్లి వంతు వచ్చింది. నాయనమ్మ గంగాళం కడిగి సిద్ధం చేసుకుంది. అమ్మ చెల్లి పుస్తకాల సంచి ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని, గొంతు పెంచకుండానే, "వీటిని నానేయాలంటే ముందు నన్ను నానేయండి అత్తయ్యగారండీ" అంది. నాయనమ్మ గంగాళం బోర్లించి వెళ్లిపోయింది. చెల్లి తాడేపల్లిగూడెంలో టీచరుగా చేసి రిటైరయింది.

అమ్మ ధైర్యం గురించి మా వాళ్లంతా గొప్పగా చెప్పుకుంటారు. ఒక్క మాటతో ఆగిపోయేదని తెలిశాక నాకు మాత్రం కోపం రెట్టింపయింది. నాయనమ్మ మీద కోపం ఆవిడతోనే పోయింది, అమ్మ మీదది పోలేదు. నాకెందుకు అడ్డురాలేదని ఒకసారి అడిగేశాను. "నీకు జరిగింది చూశాకే కదమ్మా, నాకు నోరొచ్చింది" అంది. అది నిజమే కావచ్చు. నిజమైతే మాత్రం నా ఉక్రోషం ఎక్కడికి పోతుంది?

ఇప్పుడు మా ఊరి ఆడపిల్లలు బస్సుల్లో కిక్కిరిసి కాలేజీలకు వెళ్తుంటే కళ్లు చెమరుస్తాయి. కాలం మారిందని అందరూ అంటారు. మారింది, కాదనను. నన్ను దాటిపోయాక మారింది.