తెల్ల చిగురు, తెల్ల కుక్కపిల్ల

మాది కడియంలో నర్సరీ. పెళ్ళై వచ్చిన కొత్తలో మా ఆయన నాకు నేర్పిన మొదటి పని చిగుళ్ళు గిల్లడం. ఆకుల మీద తెల్ల మచ్చలుండే నందివర్ధనానికి మామూలు పచ్చ నందివర్ధనం కంటే గిరాకీ ఎక్కువ. అయితే దాని మీద ఓ కన్నేసి ఉంచాలి. ఒక్కోసారి మచ్చే లేని పచ్చ చిగురు వస్తుంది, వదిలేస్తే మొక్కనంతా అదే కమ్మేస్తుంది. ఒక్కోసారి పాలలా తెల్లటి చిగురు వస్తుంది. చూడ్డానికి అదే అందం. కానీ పచ్చదనం లేని ఆకు తన తిండి తాను వండుకోలేదు. పక్క కొమ్మల మీద పడి తిని, చివరికి మాడిపోతుంది. రెండిటినీ గిల్లేయాల్సిందే. మా ఆయన ఫోన్లో బేరమాడుతూనే, అటు చూడకుండానే, బొటనవేలి గోటితో గిల్లుకుంటూ పోతారు.

ఇంత తెలిసిన మనిషికి కుక్కల దగ్గరికొచ్చేసరికి బుర్ర ఎక్కడికి పోయిందో నాకిప్పటికీ అర్థం కాదు.

ఓసారి హైదరాబాద్‌లో మొక్కలు దింపి వస్తూ, లారీలో ఒక ఆడ పామేరియన్ పిల్లని తెచ్చారు. మనం చూసే పామేరియన్లు తెల్లగానో గోధుమరంగులోనో ఉంటాయి కదా. ఇది బూడిదరంగు. దాని మీద సిరా ఒలికినట్టు నల్లటి మరకలు. ఒక కన్ను నీలం. ఈ రంగుని మెర్ల్ అంటారట. దొరకడమే కష్టమట. ఇల్లు తుడిచిన గుడ్డలా ఉందండీ అంటే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తిట్టుకుంటూనే దాన్ని పెంచాను. వారం తిరక్కుండా అది నా వెనకాలే వంటింట్లో తిరగడం మొదలుపెట్టింది.

రాజమండ్రిలో కుక్కల పోటీ పెడితే దాన్ని రుద్ది, దువ్వి తీసుకెళ్ళాం. జడ్జిగారు ఇలా చూసి అలా పక్కకి పంపేశారు. ఈ జాతిలో అసలా రంగే లేదని, ముత్తాతల కాలంలో ఎక్కడో వేరే జాతి కలిసిందని, రంగు పిచ్చిలో పడి జనం జాతినే పాడుచేస్తున్నారని ఆయన మాట. స్వచ్ఛమైన జాతేనని సర్టిఫికెట్ ఉందని మా ఆయన మాట. చుట్టూ చేరినవాళ్ళు రెండు పార్టీలైపోయారు. కొత్త రంగంటే పాతవాళ్ళకి కడుపుమంట అని కొందరు, కాగితాలు ఎవరైనా పుట్టించొచ్చని కొందరు. నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. దాని పుట్టుక గురించి అంత గొడవ జరుగుతుంటే అది హాయిగా నా చీర కొంగు నములుతోంది.

వచ్చేసేముందు ఒక పశువుల డాక్టరుగారు మమ్మల్ని పక్కకి పిలిచారు. ముచ్చటపడి పెంచుకోండి గానీ దీన్ని ఇదే రంగు మగకుక్కతో మాత్రం కలపకండి, పిల్లలు చెవిటివో గుడ్డివో పుడతాయి అని నెమ్మదిగా చెప్పారు. మా ఆయన అన్నిటికీ తలూపారు. కారెక్కాక మాత్రం, మామూలు రంగు కుక్కలవాళ్ళు తమవి అమ్ముడుపోవన్న భయంతో ఇలా చెప్పిస్తున్నారని తేల్చేశారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఆ తర్వాత భీమవరంలో అచ్చం అదే రంగు మగకుక్క ఉందని తెలిసింది. మచ్చాకు మొక్క కావాలంటే మచ్చాకు కొమ్మే కదా అంటు కట్టాలి అన్నారు మా ఆయన. నాకు ఒళ్ళు మండింది. టెంక పాతితే తల్లి చెట్టు కాయ రాదండీ, అంటుమొక్క కొనుక్కోండి అని మామిడి కోసం వచ్చిన ప్రతి మనిషికీ పాఠం చెప్పేది ఈయనే.

"కుక్క అంటు కట్టదండీ, పిల్లల్ని కంటుంది. డాక్టరుగారు చెప్పారు కదా" అన్నాను.

"నీకేం తెలుసే" అని దాన్ని భీమవరం తీసుకెళ్ళి కలిపించుకొచ్చారు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. కుక్క కడుపుతో ఉండగానే, కాకినాడ నుంచి వచ్చి మా దగ్గర మొక్కలు కొనే ఒకాయనకి, వాళ్ళమ్మాయి కోసం ఒక కుక్కపిల్లని ఇస్తానని మాటిచ్చేశారు.

నాలుగు పిల్లలు పుట్టాయి. రెండు తల్లిలా మరకలవి, ఒకటి నల్లది, ఒకటి తెల్లది. ఎక్కడా ఒక్క మచ్చ లేదు, జున్నుముక్కలా ఉంది. ఫోటో పంపితే ఆ అమ్మాయి తెల్లదే కావాలంది. మా ఆయన కాళ్ళు నేల మీద లేవు. దాని ఒక కన్ను సరిగ్గా విచ్చుకోలేదని నేనంటే, మెల్లగా విచ్చుకుంటుందిలే అన్నారు.

అవి తప్పటడుగులు వేస్తున్న రోజుల్లో, షెడ్డు ముందు లోడు లారీ ఒకటి గట్టిగా హారన్ కొట్టింది. మూడు పిల్లలు తల్లి పొట్ట కిందికి దూరిపోయాయి. తెల్లది కాళ్ళు బారజాపి నిద్రపోతూనే ఉంది. స్టీలు పళ్ళెం తెచ్చి దాని తల వెనక గరిటెతో కొట్టాను. చెవి కూడా కదపలేదు.

మా ఆయన్ని పిలిచి చూపించాను. నమ్మలేదు. చప్పట్లు కొట్టారు, ఈల వేశారు. లోపలికి వెళ్ళి పూజగదిలో గంట తెచ్చి దాని వెనక వాయించారు. అది ఆవలించింది. ఆయన ఇంకా వాయిస్తూనే ఉన్నారు. చివరికి తల్లికుక్క లేచి వచ్చి ఆయన ముఖంలోకి చూసింది. అప్పుడు గంట కింద పెట్టేశారు.

కాకినాడకి తనే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పారు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. వాళ్ళు వచ్చి నల్లదాన్ని తీసుకెళ్ళారు. మరకల పిల్లల్ని ఆ డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళి, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో అడిగొచ్చారు. ఆ సంగతి చెప్పి వాటినీ తెలిసినవాళ్ళకి ఇచ్చేశారు. మిగిలింది తెల్లది. దాన్ని అడిగినవాళ్ళు లేరు.

మా మావయ్యగారు ఈ నర్సరీ మొదలుపెట్టిన మనిషి. చెడ్డవారు కాదు. చీడపట్టిన మొక్కని పీకేటప్పుడు కూడా అయ్యో అంటారు. ఆ సాయంత్రం మా ఆయన నందివర్ధనం వరసలో చిగుళ్ళు గిల్లుతుంటే, తెల్లపిల్ల ఆయన కాళ్ళ చుట్టూ తిరుగుతూ, కన్ను కనపడని వైపు కుండీలకి గుద్దుకుంటోంది. మావయ్యగారు కాసేపు దాన్నే చూశారు.

"ఒరేయ్, తెల్ల చిగురుని మనం ఉంచుతామేంట్రా? డాక్టరుగారితో ఓ సూది వేయించెయ్. దానికీ బాధ తప్పుతుంది."

నేను నీళ్ళు పడుతున్న పైపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా ఆయన తండ్రి మాట కాదనడం పెళ్ళైన నాటి నుంచీ నేను చూడలేదు. తలూపేస్తారేమో, రేపీపాటికి ఇది ఉండదేమో అనుకున్నాను.

ఆయన చేతిలో అప్పుడే గిల్లిన తెల్ల చిగురు ఉంది. దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి కింద పడేశారు.

"మొక్కకైతే ఇది గిల్లినా పక్కన పచ్చకొమ్మ ఉంటుంది నాన్నా" అన్నారు. "ఈ పిల్లకి వేరే కొమ్మ లేదు కదా. ఇదొక్కటే."

మావయ్యగారు పిల్ల గుద్దుకుంటున్న కుండీని పక్కకి జరిపారు. మా ఆయన వంగి, పిల్లకి అదురు తెలిసేలా నేల మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టారు. అది ఆగి, ఇటు తిరిగి, తడుముకుంటూ ఆయన చేతి దాకా వచ్చింది. నేను ముందే చెప్పలేదూ అన్న మాట నెలల తరబడి నా నాలుక చివరే ఉంది. దాన్ని మింగేసి, పాలు కలపడానికి లోపలికి వెళ్ళాను.