పచ్చిపులుసు రంగు సంచి

ముందే చెప్పేస్తున్నాను, గోరంతను గోరంతగా చెబితే నాకు అన్నం అరగదు. కాబట్టి కింది సంగతుల్లో ఎవరికి వారు సగం కోసేసుకుని చదువుకోండి. రోత మాత్రం కోయొద్దు. అది అసలు తూకమే.

నా ప్రొస్టేటు గుమ్మడికాయంత పెరిగిందని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డాక్టరు దాన్ని లేజరుతో తురిమేశాడు. గుర్తుగా లోపలికో గొట్టం, గొట్టానికో ప్లాస్టిక్ సంచి తగిలించి వనస్థలిపురం పంపించాడు. గొట్టం మెలిక పడకూడదు, సంచి నడుం కంటే పైకి లేవకూడదు, లేస్తే దిగింది మళ్ళీ లోపలికే వస్తుందని నర్సు చెప్పింది. ఆ మాట విన్నాక నాకు ముద్ద దిగలేదు.

ఇక ఆ సంచి. పొద్దున బీట్‌రూట్ రసం, మధ్యాహ్నం టీ డికాక్షను, సాయంత్రం హోటలు సాంబారు, తేలే ముక్కలతో సహా. వాసనకు మా వీధి కుక్కలు మీర్‌పేట్ వైపు వలస పోయాయి. గొట్టం పక్కనుంచి కారి లుంగీ అట్ట కట్టేది. మా ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, మొహం గోడకు తిప్పుకుని సంచి ఒంపి వచ్చేది.

గొట్టం తీయించుకోవాల్సిన రోజునే బంద్ వచ్చింది. మధ్యాహ్నం దాటితే డాక్టరు ఊరికి పోతాడు. ఇంకో వారం ఆ సంచితో కాపురం. తెల్లారగానే బయల్దేరాం గానీ ఎల్‌బీ నగర్ చౌరస్తా ముందే ఆటో ఆగిపోయింది. తెలంగాణ కోసం నడిరోడ్డు మీద వంటా వార్పు. ఎవరింటి నుంచి వారు బియ్యమో పప్పో తెచ్చిస్తే అక్కడే వండుకు తింటూ బండ్లు ఆపుతున్నారు. అవతల ఇంకో ఆటో దొరుకుతుందని దిగి నడిచాం. గొట్టం నా లుంగీలోంచి బయటికొచ్చి, ఆవిడ చేతిలోని కూరల గుడ్డసంచిలోకి పోయింది. పెళ్ళినాటి కొంగుముడి తర్వాత మమ్మల్ని ఇంత గట్టిగా కట్టింది అదొక్కటే. మాది గుంటూరు వైపు. నోరు తెరిస్తే యాస పట్టిస్తుందని ఇద్దరం మాట్లాడకుండా నడుస్తున్నాం.

అదే కొంప ముంచింది. పొయ్యి దగ్గర తలపాగా పెద్దాయనకు గుడ్డసంచి మూతిలోంచి ఎర్రటి నీళ్ళ కవరు కనపడింది.

"పచ్చిపులుసు తెచ్చినవా అమ్మా? జల్ది ఇయ్యి, బువ్వ ఉడికింది," అంటూ సంచి అందుకున్నాడు. అందుకుని, నలుగురికీ కనపడేలా నెత్తికంటే ఎత్తు లేపాడు.

గొట్టం లాగింది. సంచిలోని బీట్‌రూట్ రసం నాలోకి తిరుగు ప్రయాణం కట్టింది. యాస, ప్రాంతం అన్నీ మరిచిపోయాను.

"అయ్యా, కిందికి దించండి. అది పులుసు కాదు, నా ఉచ్చ."

చౌరస్తాలో గరిటెలు ఆగిపోయాయి. పెద్దాయన చూపు సంచిలోంచి బయల్దేరి, గొట్టం వెంబడి నడిచి, నా లుంగీ దాకా వచ్చింది. సంచి దించి ఆవిడ చేతిలో పెట్టాడు. చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత ఆ పంచెను కూడా రోతగా చూసుకున్నాడు.

"ఆంధ్రోళ్ళా?"

మా ఆవిడ తలూపింది.

"ఎవలైతేంది గని, గిది వట్టుకొని పొయ్యికాడికి వస్తరా? జరగుండ్రి, జర జరగుండ్రి, వీళ్ళను దవాఖానకు పోనియ్యిండ్రి," అని తనే ముందు నడిచి తోవ చేయించాడు. మాకు మాత్రం బారెడు దూరంగానే నడిచాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో గొట్టం లాగేశారు. కొత్తపేట దాకా పొడవున్న పామును లాగినట్టు ఉంది. కడుపునిండా నీళ్ళు తాగించి, సొంతంగా పోస్తేనే ఇంటికి, లేకపోతే గొట్టం మళ్ళీ లోపలికి అన్నారు. బాత్రూంలో నిలబడ్డాను. రాలేదు. కుళాయి తిప్పి ఆ చప్పుడు వింటూ నిలబడ్డాను. ఒక చుక్క పడింది. ఇంకోటి. కారం నూరి పోసినంత మంట. ఆ తర్వాత, సన్నగానే గానీ, ధార.

తలుపు బయటినుంచి ఆవిడ అడిగింది. "ఏ రంగండీ?"

"నిమ్మరసం," అన్నాను. అప్పటినుంచి నిమ్మరసం కూడా మానేశాను.

ఇక ఇందులో కల్పన ఏదో చెప్పాలి. పెద్దాయన సంచి ఎత్తడం నిజం. కుక్కల సంగతి కూడా నిజమేనని నా నమ్మకం. కల్పించింది మా ఆవిడ ముక్కుకు అడ్డం పెట్టుకున్న కొంగు. మొహం గోడకు తిప్పుకున్నది నేను. ఆవిడ, సంచి నడుం దాటకూడదు కనుక, మంచం పక్కన గొంతుకూర్చుని, కిటికీ వెలుతురులో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవాళ కాస్త పలచబడిందండీ," అనేది.